బే విండో క్యాంపర్‌కి పెద్ద ఇంజన్: ముందు గేరింగ్ లెక్క, తర్వాతే సీసీలు

1968 మోడల్ నుంచి 1979 వరకు జర్మనీలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2ని, ముందు అద్దం ఒకటే పెద్ద ముక్కగా ఉంటుంది కాబట్టి, బే విండో అంటారు. పైకప్పు లేచే క్యాంపర్లలో ఇప్పటికీ రోడ్ల మీద కనిపించేవాటిలో ఇదొకటి. దీన్ని కొన్నవాళ్ళకి మొదటి ఎక్కుడులోనే పెద్ద ఇంజన్ ఆలోచన వస్తుంది. లారీలు దాటిపోతుంటే మూడో గేరులో యాభై మీద ఈడ్చుకుంటూ పోవడం ఎవరికైనా కష్టమే. కానీ చాలామంది ముందు ఇంజన్ కొనేసి, గేర్‌బాక్స్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. గాలితో చల్లబడే ఇంజన్ విషయంలో ఆ వరస పనికిరాదు. కూలింగ్ ఫ్యాన్ క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు)తోనే తిరుగుతుంది. గేరింగ్ మార్చి ఆర్‌పీఎం తగ్గించామంటే హెడ్ల (సిలిండర్ల పై మూతలు) మీదికి వచ్చే గాలిని కూడా తగ్గించినట్టే. అందుకే బండి బరువు, తిరిగే రోడ్లు, గేరింగ్, ఇంజన్ ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద లెక్క వేయాలి.

బండి ఎంత అడుగుతుంది

మంచం, అలమరలు, నీళ్ళ ట్యాంకు, నలుగురు మనుషులు, సామాను కలిస్తే క్యాంపర్ బరువు రెండు టన్నులకు చేరుతుంది. ముందు భాగం గోడలా నిలువుగా ఉంటుంది. గాలిని తోసే వైశాల్యం సుమారు 1.4 చదరపు మీటర్లు, టైర్ల రాపిడి బరువులో ఒకటిన్నర శాతం, గేర్‌బాక్స్‌లో పోయేది పది శాతం అనుకుని లెక్క వేస్తే అంకెలు ఇలా వస్తాయి:

- చదును రోడ్డు మీద గంటకు 80 కి.మీ.: దాదాపు 24 హార్స్‌పవర్
- చదును రోడ్డు మీద 100 కి.మీ.: దాదాపు 39
- అదే 100 మీద, 20 కి.మీ. ఎదురుగాలి ఉంటే: దాదాపు 51
- ఆరు శాతం ఎక్కుడులో 60 కి.మీ.: దాదాపు 43

రెండు పోర్టుల హెడ్లున్న 1600 ఇంజన్ (1584 సీసీ) కంపెనీ నుంచి ఇచ్చేది 4000 ఆర్‌పీఎం దగ్గర 50 హార్స్‌పవర్, 2800 దగ్గర 106 న్యూటన్ మీటర్ల టార్క్. ఎదురుగాలిలో బండి 100 ఎందుకు అందుకోదో ఇక్కడే తెలిసిపోతుంది. ఇంజన్ పాడై కాదు, ఉన్నదంతా అప్పటికే ఇచ్చేస్తోంది. 1976 మోడల్‌తో వచ్చిన 2 లీటర్ల ఇంజన్ (1970 సీసీ) 4200 దగ్గర 70 హార్స్‌పవర్, 2800 దగ్గర 143 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. హార్స్‌పవర్ తేడా కన్నా టార్క్ తేడానే క్యాంపర్‌కి అసలు లాభం.

పై అంకెల్లో 80కీ 100కీ మధ్య తేడా ఇంకోసారి చూడండి. మీ ప్రయాణాలు 80–85 లోపే సాగేవైతే, పెద్ద ఇంజన్ డబ్బుతో ఉన్న 1600నే కొత్తగా కట్టించి, మిగిలినదానితో బ్రేకులు, టైర్లు మార్చుకోవడం మేలు.

మీ బండిలో ఇప్పుడున్న గేరింగ్ ఎంత

కాగితాల్లో ఉన్నది నమ్మకండి. ఈ బళ్ళకి యాభై ఏళ్ళు. ఈపాటికి గేర్‌బాక్స్ కనీసం ఒకసారైనా మారి ఉంటుంది.

ముందుగా తెలిసి ఉండాల్సిన నిష్పత్తులు ఇవి. 1600తో వచ్చే 002 గేర్‌బాక్స్‌లో మొదటి గేరు 3.80, రెండోది 2.06, మూడోది 1.26, నాలుగోది 0.82, క్రౌన్–పినియన్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే చివరి గేర్ల జత) 5.375 (43 పళ్ళకు 8). 2 లీటర్ల ఇంజన్‌తో వచ్చిన 091లో మొదటిది 3.78, నాలుగోది 0.88, మధ్య రెండూ అవే, క్రౌన్–పినియన్ 4.57 (32కు 7). నాలుగో గేరును క్రౌన్–పినియన్‌తో గుణిస్తే 002కి 4.41, 091కి 4.02 వస్తుంది. ఈ సంఖ్య ఎంత పెద్దదైతే లాగుడు అంత ఎక్కువ, పరుగు అంత తక్కువ.

బండి కింద పడుకోకుండానే ఇది కొలవచ్చు:

1. ఇగ్నిషన్ తాళం తీసేయండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి.
2. వెనక చక్రం ఒక్కటే జాకీతో లేపి స్టాండు పెట్టండి. రెండో వెనక చక్రం నేల మీదే ఉండాలి. ముందు చక్రాలకీ దానికీ రాళ్ళో దిమ్మెలో అడ్డం పెట్టండి.
3. నాలుగో గేరు వేయండి. క్రాంక్ పుల్లీ మీద సుద్దతో గుర్తు పెట్టండి.
4. లేపిన చక్రాన్ని సరిగ్గా పది చుట్లు తిప్పండి. ఇంకొకరు పుల్లీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి.

ఒక చక్రం కదలకుండా ఉంటే డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం రెట్టింపు తిరుగుతుంది. కాబట్టి పది చక్రపు చుట్లకు పుల్లీ 22 చుట్లు తిరిగితే అది 5.375 బాక్స్; 20 చుట్లే తిరిగితే 4.57. వేరే అంకె వస్తే ఎవరో లోపల ఏదో మార్చారన్నమాట. బాక్స్ విప్పకుండా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

టైరు సంగతి కూడా ఇక్కడే. 185 ఆర్ 14 సీ టైరు ఒక చుట్టుకు నేల మీద సుమారు 1.98 మీటర్లు నడుస్తుంది. అంటే 100 కి.మీ. వేగంలో చక్రం నిమిషానికి 842 చుట్లు. దాన్ని 4.41తో గుణిస్తే ఇంజన్ 3710 ఆర్‌పీఎం, 4.02తో గుణిస్తే 3385. మీ టైరు వేరైతే చుట్టుకొలత టేపుతో కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

1967 దాకా వచ్చిన, అద్దం రెండు ముక్కలుగా ఉండే బండికి ఈ లెక్కలు సరిపోవు. దానికి వెనక చక్రాల దగ్గర అదనంగా రిడక్షన్ గేర్లు ఉంటాయి. అది వేరే కథ.

గేరు మారిస్తే ఇంజన్ మీద ఏం పడుతుంది

1600 ఉన్న బండికి 091 బాక్స్ ఒక్కటి పెట్టేస్తే హైవే మీద మోత తగ్గి సుఖంగా ఉంటుందని తరచూ వినిపించే సలహా. దాన్ని ఆరు శాతం ఎక్కుడులో పరీక్షిద్దాం.

మూడో గేరు, 60 కి.మీ. వేగం. పాత 5.375తో ఇంజన్ 3420 దగ్గర తిరుగుతుంది. 43 హార్స్‌పవర్ ఇవ్వడానికి దానికి 88 న్యూటన్ మీటర్లు కావాలి. 1600 కష్టం మీద ఇస్తుంది. అదే 4.57తో ఇంజన్ 2910కి పడిపోతుంది, కావాల్సిన టార్క్ 104కి పెరుగుతుంది. 1600 పుట్టిన నాటి గరిష్ఠం 106. అంటే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి ఆని ఉంటుంది, ఫ్యాన్ మాత్రం ముందుకన్నా 15 శాతం మెల్లగా తిరుగుతుంటుంది. కొండ పొడవుగా ఉంటే హెడ్ ఉష్ణోగ్రత ఎటు పోతుందో ఊహించవచ్చు. బండి ఆగిపోదు, అదే చిక్కు. లోపల ఎగ్జాస్ట్ వాల్వ్ మెల్లగా సాగుతూ పోతుంది, ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ చివర వదిలే చిన్న సందు) మూసుకుపోతుంది, కొన్ని నెలల తర్వాత వాల్వ్ తల విరిగి పిస్టన్‌లో పడుతుంది. అప్పుడు నింద ఇంజన్ కట్టిన మెకానిక్ మీద పడుతుంది.

ఇదే 4.57కి 2 లీటర్ల ఇంజన్ ఉంటే 104 అనేది దాని 143లో 73 శాతమే. నిశ్చింతగా ఎక్కుతుంది.

మొదటి గేరు కూడా మరవద్దు. 3.80ని 5.375తో గుణిస్తే 20.4, 3.78ని 4.57తో గుణిస్తే 17.3. నిండు బండిని నిటారు చోట వెనక్కి జారకుండా కదపాలంటే చిన్న ఇంజన్‌కి ఆ 20.4 అవసరం. అది లేనప్పుడు క్లచ్ ప్లేటు కాల్చి లోటు భర్తీ చేస్తారు.

గేర్ల మధ్య దూరం మరో సంగతి. 002లో మూడు నుంచి నాలుగుకు వెళ్తే 3800 ఆర్‌పీఎం కాస్తా 2470కి పడుతుంది. 091లో 2650 దగ్గర ఆగుతుంది. చిన్నపాటి ఎత్తుల్లో మూడో గేరు అరుస్తూ, నాలుగోది ఈడవలేక ఉండటం 002 పాత జబ్బు. అందుకే 4.57 క్రౌన్–పినియన్ ఉన్న బాక్స్‌లో నాలుగో గేరుని మళ్ళీ 0.82కి మార్చాలన్న ఆలోచన క్యాంపర్‌కి నప్పదు. 100 మీద 3160 ఆర్‌పీఎం వస్తుంది, కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఎదురుగాలి వచ్చిన రోజు ఆ గేరు వాడలేరు. సామాను లేని ఖాళీ బండికైతే సరే.

పెద్ద ఇంజన్ ఉన్నా సరే 100 కి.మీ. వేగంలో ఆర్‌పీఎం 3300కి తగ్గకుండా చూసుకోండి. 3300–3600 మధ్య ఫ్యాన్‌కీ తగిన వేగం ఉంటుంది, టార్క్ కూడా దగ్గర్లోనే ఉంటుంది.

ఇంజన్: రెండు కుటుంబాలు

మొదటిది బీటిల్ నుంచి వచ్చిన టైప్ 1. 1600 ఇందులోదే. కేసు మెగ్నీషియం మిశ్రమం, ఫ్యాన్ బెల్టుతో క్రాంక్ కన్నా రెట్టింపుకు కొంచెం తక్కువ వేగంతో తిరుగుతుంది, ఆయిల్ ఫిల్టర్ ఉండదు, వల జాలీ ఒక్కటే. రెండోది 1972 మోడల్ నుంచి టైప్ 2లోకి వచ్చిన టైప్ 4. 1700 (బోరు అంటే సిలిండర్ వ్యాసం 90 మి.మీ., స్ట్రోకు అంటే పిస్టన్ నడిచే దూరం 66), 1800 (93, 66), 2000 (94, 71) ఇందులోవి. అల్యూమినియం కేసు, పెద్ద బేరింగులు, ఫ్యాన్ నేరుగా క్రాంక్ చివరే, ఆయిల్ ఫిల్టర్ సహజంగానే ఉంటుంది. బరువు లాగడానికి మొదటినుంచీ ఇదే గట్టిది.

మీ బండి 1972 లేదా తర్వాతదైతే టైప్ 4 వైపే మొగ్గండి. ఇంజన్ గది దానికోసమే వెడల్పు చేశారు, పైన మూత కూడా ఇచ్చారు. 1968–71 బండిలో ఆ గది ఇరుకు, పై మూత లేదు. టైప్ 4 పట్టించాలంటే మౌంటింగ్‌లు వెల్డింగ్ చేయాలి, వెనక రేకులు కొత్తగా కొట్టించాలి. అంతకన్నా టైప్ 1నే పెద్దది చేసుకోవడం సులువు.

టైప్ 1లో పెద్దది చేయడానికి దారులు చాలా ఉన్నాయి, అన్నీ క్యాంపర్‌కి పనికిరావు.

87 మి.మీ. పిస్టన్లతో 1641 సీసీ: కేసు కోయకుండా దూరిపోతాయి. పెరిగేది మూడున్నర శాతం. ఎలాగూ పిస్టన్లు మారుస్తుంటే వేసుకోండి గానీ తేడా కోసం కాదు. అలాగే దూరిపోయే 88 మి.మీ. సెట్ల జోలికి వెళ్ళవద్దు. సిలిండర్ గోడ పలచన, వేడికి గుండ్రదనం పోయి ఆయిల్ తాగడం మొదలవుతుంది.

90.5 మి.మీ.తో 1776 సీసీ: కేసునీ హెడ్లనీ లేత్ మీద కోయించాలి. గోడ మందంగా ఉంటుంది, క్రాంక్ పాతదే. టైప్ 1 క్యాంపర్‌కి ఖర్చుకీ ఫలితానికీ కుదిరే కొలత ఇదే. టార్క్ దాదాపు సీసీలతో పాటే పెరుగుతుందనుకుంటే 119 న్యూటన్ మీటర్ల దగ్గర ఆశించవచ్చు.

94 మి.మీ.తో 1915: బీటిల్‌లో బాగుంటుంది. హెడ్లలోనూ కేసులోనూ లోహం ఎక్కువ కోసేయాలి, సిలిండర్ ఆని కూర్చునే అంచు సన్నబడుతుంది. గంటల తరబడి బరువు లాగే బండికి వద్దు.

78 మి.మీ. క్రాంక్, 90.5 పిస్టన్లతో 2007 సీసీ: 1968–71 బండివాళ్ళకి అసలైన పెద్ద ఇంజన్ ఇది. బోరు ఇంకా పెంచకుండా స్ట్రోకు పెంచడం వల్ల కింది ఆర్‌పీఎంలో లాగుడు వస్తుంది. కౌంటర్‌వెయిట్లున్న క్రాంక్ తప్పనిసరి. కనెక్టింగ్ రాడ్లు తగలకుండా కేసు లోపల అరగదీయాలి. ఇంజన్ వెడల్పు కాస్త పెరుగుతుంది కాబట్టి రేకులూ సైలెన్సర్ పైపులూ లాగి బిగించాల్సి వస్తుంది. అలా లాగిన చోట సందులు వస్తే వేడిగాలి పైకి లీకవుతుంది.

టైప్ 4లో ఎంపిక సులువు. 2000 ఇంజన్ దొరికితే 96 మి.మీ. పిస్టన్లతో 2056 సీసీ చేయండి. క్రాంక్ అదే, ఖర్చు అదుపులోనే. 1700 లేదా 1800 మాత్రమే దొరికితే, వాటి స్ట్రోకు 66 కాబట్టి 71 క్రాంకూ రాడ్లూ వెతకాలి. ఒక్కోసారి పూర్తి 2000 ఇంజన్ కొనడమే చౌక. ఏది కొన్నా హెడ్ల మీద డబ్బు దాచుకోకండి. టైప్ 4 చచ్చేది ఎక్కువగా ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు ఊడి పడటం వల్లే. పాత హెడ్లలో వాల్వుల మధ్య, ప్లగ్గు రంధ్రం వైపు పగుళ్ళున్నాయేమో శుభ్రం చేసి చూడాలి. సీట్లు మార్పించని పాత హెడ్లు పెద్ద పిస్టన్ల మీద బిగించడం అంటే తెలిసి తెలిసి పందెం కాయడమే.

ఫ్లాట్ ఫోర్ (నాలుగు సిలిండర్లు రెండు వైపులా పడుకుని ఉండే) సుబారు ఇంజన్ పెడితేనో అని అడిగేవారుంటారు. శక్తికి లోటు లేదు. కానీ రేడియేటర్, నీళ్ళ పైపులు, వైరింగ్, కొత్త మౌంటింగ్‌లు, చాలా దేశాల్లో కాగితాలు అన్నీ కొత్త పనే.

కంప్రెషన్, కామ్‌షాఫ్ట్

పెద్ద పిస్టన్లు వేసి పాత హెడ్లే బిగిస్తే కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క) దానంతటదే పెరిగిపోతుంది. చాలా 1776లు వేడెక్కడానికి ఇదే కారణం. లెక్క చూడండి: ఒక్కో సిలిండర్ 444 సీసీ. పిస్టన్ పై అంచుకీ సిలిండర్ అంచుకీ మధ్య 1.2 మి.మీ. ఉంటే అక్కడ 7.7 సీసీ. హెడ్ గుంట (మంట మండే ఖాళీ) 50 సీసీ అయితే మొత్తం 57.7. (444 + 57.7) ÷ 57.7 అంటే 8.7. రెండు టన్నుల బండికి ఇది ఎక్కువ. ఎక్కుడులో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలి కొట్టుకోవడం) వస్తుంది. ఫ్యాన్ మోతలో అది చెవికి వినపడదు కూడా.

7.5 నుంచి 8 మధ్య పెట్టుకోండి. 7.8 కావాలంటే గుంటా ఆ సందూ కలిసి 65.3 సీసీ ఉండాలి. సందు 1.5 మి.మీ. చేస్తే 9.7 సీసీ, హెడ్ గుంట 55.6 సీసీకి తెరిపించాలి. సందు మరీ పెంచి గుంట అలాగే వదిలేయడం సులువుగా కనిపిస్తుంది గానీ మంట సరిగ్గా మండదు, నాకింగ్ ఇంకా ఎక్కువవుతుంది. హెడ్ గుంటని సిరంజితో కిరోసిన్ పోసి నాలుగూ విడివిడిగా కొలవండి. ఒక్కోటి ఒక్కోలా ఉంటే ఎక్కువ కంప్రెషన్ ఉన్న సిలిండరే ముందు పోతుంది.

వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ కంపెనీదో, దాన్ని కొంచెం మించినదో చాలు. 2000–3500 మధ్య లాగాలి. 5000 పైన పాడే కామ్ వేస్తే మనం లెక్కవేసిన గేరింగ్ అంతా వృథా.

ఏ ఇంజన్‌కి ఏ బాక్స్

1584, 1641: 5.375 ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

1776: కొండ ప్రాంతంలో ఉంటే 5.375. హైవే ఎక్కువైతే 091లో 4.86 క్రౌన్–పినియన్ (34కు 7) వేయించండి. ఇది తర్వాతి టీ3 తరంలో నీళ్ళతో చల్లబడే ఇంజన్లున్న బళ్ళ 091 బాక్సుల్లో దొరుకుతుంది. నాలుగో గేరు 0.88తో మొత్తం 4.28 అవుతుంది; 100 మీద 3600 ఆర్‌పీఎం. ఆరు శాతం ఎక్కుడులో, మూడో గేరులో, 60 దగ్గర 98 న్యూటన్ మీటర్లు కావాలి, ఉన్నవి 119. సరిపోతుంది, మిగులు కొంచెమే.

2007, 1970, 2056: 091 కంపెనీ నిష్పత్తులతోనే, 4.57 మీద. ఏమీ మార్చవద్దు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు 2 లీటర్లకి దీన్ని జతచేసినప్పుడు పై లెక్కలే వేసి ఉంటారు.

పెద్ద టైర్లతో గేరింగ్ మార్చేద్దామనేవాళ్ళకి ఒక మాట. ఈ బండి స్పీడోమీటర్ కేబుల్ ఎడమ ముందు చక్రం నుంచి వస్తుంది. క్రౌన్–పినియన్ మారినా స్పీడోమీటర్ తప్పు చూపదు. టైరు మారితే మాత్రం తప్పుతుంది. ఏ టైరు వేసినా లోడ్ ఇండెక్స్ 102 ఉండాలి, అంటే ఒక్కో టైరుకి 850 కేజీలు. చూడటానికి బాగున్నాయని కారు టైర్లు వేసిన క్యాంపర్లు పక్కగాలికి ఊగిపోతాయి, వెనక టైరు పేలితే అదుపు తప్పుతాయి.

వాడిన 091 కొనేటప్పుడు

ఆయిల్ ప్లగ్గు విప్పించండి. అయస్కాంతం మీద నల్లటి జిగురు మామూలే. ఇనుప రవ్వలుంటే బేరింగో గేరు పళ్ళో పోయాయి. ఆయిల్‌లో పసుపు మెరుపు బాగా ఉంటే సింక్రో రింగులు (గేర్లు సాఫీగా కలిపే ఇత్తడి రింగులు) అరిగాయి. నడిపి చూసే వీలుంటే నాలుగో గేరులో యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలి చూడండి, గేరు బయటికి దూకకూడదు. వదిలినప్పుడు ఊళ వేస్తే క్రౌన్–పినియన్ జత అరిగింది. ఆ జతని ఇంట్లో మార్చే ఆలోచన వద్దు. పినియన్ లోతు షిమ్‌లతో (పలచటి రేకు వాషర్లు) మి.మీ.లో వందో వంతు లెక్కన సరిచేయాలి, దానికి కొలత పరికరాలున్న చోటే ఇవ్వండి.

బాక్స్‌తో పాటు అదే బండి నుంచి ఇవి కూడా అడిగి తీసుకోండి: ముందు మౌంటింగ్, గేర్ రాడ్డు ముక్కలు, స్టార్టర్, క్లచ్ ఫోర్కు, బేరింగు. 1600కి 200 మి.మీ. క్లచ్, 2000కి 228. ఫ్లైవీల్, క్లచ్, బెల్‌హౌసింగ్, స్టార్టర్ ఈ నాలుగూ ఒకే కుటుంబానివి కాకపోతే స్టార్టర్ పళ్ళు కలవవు, లేదా ఫ్లైవీల్ హౌసింగ్‌కి రాసుకుంటుంది. టైప్ 1 ఇంజన్‌కి 091 జత చేసేవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. రెండిటినీ నేల మీదే కలిపి, చేత్తో తిప్పి చూసి, తర్వాత బండిలోకి ఎక్కించండి. డ్రైవ్‌షాఫ్ట్ ఫ్లాంజి బోల్టుల వృత్తం కూడా కొలవండి.

ఆయిల్ 3.5 లీటర్లు, 80డబ్ల్యూ-90, జీఎల్-4. జీఎల్-5 పోస్తే అందులోని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినే ప్రమాదముంది.

అమర్చడంలో చెడేవి

రేకులు. గాలి ఇంజన్‌కి ఇవి అలంకారం కాదు. కింది వేడిగాలి పై గదిలోకి రాకుండా చుట్టూ రబ్బరు సీలు ఉండాలి. సిలిండర్ల కింద ఉండే గాలి మళ్ళించే రేకుల్ని చాలా షెడ్లలో పారేస్తారు. అవి లేకపోతే గాలి సిలిండర్‌ని చుట్టకుండా పక్కనుంచి జారిపోతుంది. థర్మోస్టాట్, ఫ్లాపులు తీసేయవద్దు. టైప్ 1కి చిన్న క్రాంక్ పుల్లీ వేస్తే ఫ్యాన్ వేగం తగ్గుతుంది, కంపెనీ సైజే ఉంచండి. ఆయిల్ కూలర్ ఫ్యాన్ పెట్టె వెనక విడిగా ఉండే 1971 తర్వాతి రకం ఫ్యాన్ హౌసింగే వాడాలి. పాతదాంట్లో కూలర్ మూడో సిలిండర్‌కి వెళ్ళే గాలికి అడ్డం నిలుస్తుంది.

టైప్ 1 అయితే ఆయిల్ ఫిల్టర్ అమర్చే పని ఇంజన్ విప్పి ఉన్నప్పుడే చేయించండి. పంపు 26 మి.మీ.ది చాలు, 30ది వేస్తే చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఒత్తిడి ఎక్కువై కూలర్ సీళ్ళు చిమ్ముతాయి. హెడ్ స్టడ్లు పాత 10 మి.మీ.వైతే 32 న్యూటన్ మీటర్లు, తర్వాతి 8 మి.మీ.వైతే 25. మెగ్నీషియం కేసులో మర ఊడకుండా ఉక్కు ఇన్సర్టులు వేయించడం మంచిది. క్రాంక్ ముందు వెనక ఆట 0.07–0.13 మి.మీ. ఉండాలి, 0.15 దాటకూడదు.

కార్బ్యురేటర్. 1776 దాటితే మధ్యలో ఒక్కటే ఉండే కార్బ్యురేటర్ చాలదు. పొడవాటి మానిఫోల్డ్‌లో పెట్రోలు చల్లబడి గోడలకి అంటుకుంటుంది, చివరి సిలిండర్లకి పలచన మిశ్రమం వెళ్తుంది. రెండు వైపులా ఒక్కోటి, వెబర్ 34 ఐసీటీ లాంటివి, క్యాంపర్‌కి సరిగ్గా సరిపోతాయి. టైప్ 4కి మధ్యలో ఒక్క ప్రోగ్రెసివ్ (రెండు గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే) వెబర్ బిగించే కిట్లు చౌకగా దొరుకుతాయి, పైన చెప్పిన జబ్బు వాటికి మరీ ఎక్కువ. పని చేస్తున్న ఎల్-జెట్రానిక్ (కంపెనీ అమర్చిన ఎలక్ట్రానిక్ పెట్రోలు) ఇంజెక్షన్ ఉంటే దాన్ని పీకేయకండి.

డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుని బట్టి స్పార్క్‌ని ముందుకు జరిపే ఏర్పాటు) ఉన్నదే వాడండి. 009 పేరుతో అమ్మే వాక్యూమ్ లేనిది బండి కదిలేటప్పుడు తడబాటు తెస్తుంది. 3500 ఆర్‌పీఎం దగ్గర వాక్యూమ్ పైపు తీసి కొలిస్తే స్పార్క్ టైమింగ్ మొత్తం 28 డిగ్రీలు దాటనివ్వవద్దు. 32 పెడితే ఖాళీ బండి హుషారుగా ఉంటుంది, నిండు బండి కాలిపోతుంది.

పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే కొత్తవి వేయండి, క్లిప్పులతో సహా. ఈ బళ్ళు రోడ్డు పక్కన తగలబడటానికి చాలాసార్లు కారణం ఒక్క అడుగు పాత పైపే.

బ్రేకుల సంగతి క్లుప్తంగా: ముందు డిస్కులు 1971 మోడల్ నుంచి వచ్చాయి. అంతకు ముందు బండికి రెండు లీటర్ల ఇంజన్ పెట్టాలనుకుంటే ముందు డిస్కులు పెట్టించి తర్వాత ఇంజన్ మాట ఎత్తండి.

కాగితాలు

కాలిఫోర్నియాలో ఉంటున్నవాళ్ళు: 1975, అంతకు ముందు మోడల్ అయితే స్మాగ్ (పొగ) పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది, కాబట్టి ఇంజెక్షన్ తీసేస్తే చిక్కుల్లో పడతారు. బ్రిటన్‌లో ఇంజన్ నంబరు, సీసీలు మారితే డీవీఎల్ఏకి (వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ) తెలిపి వీ5సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మార్పించుకోవాలి. అదే రకం ఇంజన్‌లో సీసీలు మారడాన్ని చారిత్రక వాహనం హోదాకి అడ్డంకిగా చూడరు. ఇండియాలో ఇంజన్ మార్పుకి ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి, బిగించాక కాదు. ఎక్కడున్నా ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త కామ్‌షాఫ్ట్ వేస్తే, స్టార్ట్ అయిన వెంటనే 2000–2500 ఆర్‌పీఎంలో ఇరవై నిమిషాలు ఉంచాలి, ఐడిల్‌లో వదలకూడదు. అందుకే టైమింగ్, పెట్రోలు, ఆయిల్ ఒత్తిడి ముందే సరిచూసుకోండి. ఆ తర్వాత ఆయిల్ మార్చండి. 500 కి.మీ.కి మళ్ళీ మార్చి, ట్యాపెట్లు చల్లటి ఇంజన్ మీద చూడండి. 1600 కుటుంబానికి 0.15 మి.మీ. ఒక వాల్వ్ గ్యాప్ ప్రతిసారీ మూసుకుపోతుంటే అది సాగుతోంది. ఇంకోసారి సరిచేసి నడిపేయడం కాదు, హెడ్ దించాలి.

రెండు మీటర్లు లేకుండా పెద్ద ఇంజన్ నడపవద్దు. ఒకటి ఆయిల్ ఉష్ణోగ్రత: 95–110 డిగ్రీల సెల్సియస్ మామూలు, 120 దాటితే వేగం తగ్గించాలి. రెండోది హెడ్ ఉష్ణోగ్రత, మూడో సిలిండర్ ప్లగ్గు కింద రింగు సెన్సర్‌తో. మూడోది ఎడమవైపు, బండి ముందు భాగానికి దగ్గరగా ఉన్నది. చదును రోడ్డు మీద 200 దగ్గర, ఎక్కుడులో 230 దాకా ఫరవాలేదు. 260కి వెళ్తుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ముల్లు పైకి పోతున్నప్పుడు నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ ఇంకా నొక్కకండి. మూడోకి దిగి, పాదం కొంచెం తీసి, 3400 దగ్గర పట్టుకోండి. ఫ్యాన్ వేగం పెరుగుతుంది, ఇంజన్ మీద బరువు తగ్గుతుంది, ముల్లు రెండు నిమిషాల్లో వెనక్కి రావాలి. రాకపోతే బండి ఆపి ముందు రేకుల సీళ్ళు, తర్వాత టైమింగ్, ఆపైన కార్బ్యురేటర్ జెట్లు ఈ వరసలోనే వెతకండి.